నాలుగా, నలుగురా

మంగళవారం మంగళవారం
నయీంనగర్‌ల మా సెంటర్ వెనక గదిల
క్యాను మూత తీస్త.
తెల్లటి పొగ అంచు దాటి, బండల మీద పాకి
నా చెప్పుల కాడ ఆగుతది.
చెక్క స్కేలు ముంచి తీసి గాలిల ఊపితే
మంచు ఎంతదాక పట్టిందో అంతే నత్రజని.
పదకొండు అంగుళాలు.
రిజిస్టర్ల రాసి సంతకం పెడ్త: ఎల్. ఫిలోమిన.

ఎనిమిదో గొట్టం, పసుపు మూత, సునంద, పరకాల.
ఆమెకు కవలలు. మొదటి పుట్టినరోజుకు
బాదుషా డబ్బ తెచ్చి నర్సులందరికి పంచింది.
మిగిలినవి నాలుగు.
తర్వాత గర్భసంచి తీసేసిన్రు.
ఫీజు రాక మూడేండ్లాయె.
ఫోన్ చేస్తే ఎత్తుతది, మాట్లాడది,
వెనక పిల్లలు కొట్లాడుకునుడు వినొస్తది.
ఒక్కసారి మాత్రం అన్నది:
"పారెయ్యమని నా నోటితోని అనిపియ్యకు అక్కా."

మేనేజర్ కాగితం తయారు చేసిండు.
ఐదో గడిల, సంఖ్య: 4.
ఆరో గడి, తీసేసినవారి సంతకం. ఖాళీ.

శనివారం ఫాతిమానగర్ గుడిల
పాపసంకీర్తనానికి మోకాళ్ళూనిన.
జాలీ అవతల ఫాదర్ జోజప్ప దగ్గు.
గాజు గిన్నెల బిడ్డను చేసుడు తప్పని
శ్రీసభ చెప్తది, ఎరుకే ఫాదర్.
చేసినంక అది బిడ్డనే అని కూడ చెప్తది.
మరి నేనేం చెయ్యాలె?
పారేస్తే చంపినట్టు.
ఉంచితే, ఎవ్వరు పేరు పెట్టనోళ్ళను
ఎన్నేండ్లు చలిల నిలబెట్టాలె?
ఆ రోజు సెలవు పెట్టి స్వరూపకు అప్పజెప్తే
నా చేతి మసి ఆమె చేతికి పూసినట్టే గదా?
తమ్ముని డిప్లొమా ఫీజు సంగతి
చెప్పలే, మింగిన.

చానసేపు దగ్గు కూడ లేదు.
కాజీపేట జంక్షన్ల గూడ్సు బండి ఒకటి
తన డబ్బలు తనే లెక్కపెట్టుకుంట పోయింది.
"ఇంత దూరం వచ్చినంక
మంచి తొవ్వ అంటూ మిగల్లేదమ్మా," అన్నడు.
"పెద్దలు కూడ అంతదాకనే రాసిన్రు.
సంతకం మాత్రం నువ్వు పెట్టకు.
మిగతాది నాకు తెల్వదు."
తెల్వదన్న ఫాదర్‌ను అంతకుముందు చూడలే.
ప్రాయశ్చిత్తం ఒక జపమాల.
యాభై మూడు పూసలు సిటీ బస్సులనే అయిపోయినయి.

కాగితం అట్లుండంగనే వానలు.
నాలా గోడ దాటింది.
రాత్రి డ్యూటీ నాది. వెనక గదిల మోకాలులోతు నీళ్ళు,
తేలుతున్న రిజిస్టర్లు, ఎవలదో ఒక చెప్పు.
వాచ్‌మన్ యాకూబ్ ఒక పిడి, నేనొక పిడి.
ఇరవై రెండు మెట్లు.
పదో మెట్టు కాడ ఊపిరందక అడిగిండు:
"ఏమున్నయమ్మా గింత బరువు?"
గొట్టాలు, నత్రజని అనబోయిన.
నోట్లెకెల్లి వచ్చింది వేరే:
"సునందోళ్ళు నలుగురు. ఇంకా చానమంది."

యాకూబ్ మల్ల అడగలే.
పిడి మార్చుకొని
రెండో చెయ్యి కిందికెల్లి పెట్టిండు.
లోకంల నలుగురు కలిసి ఒకరిని మోస్తరు.
మేం ఇద్దరమే ఉన్నం.

నీళ్ళు తీసినయి. కాగితం మల్ల బల్ల మీదికొచ్చింది.
ఐదో గడిల 4 కొట్టేసి
అక్షరాలల్ల రాసిన: నలుగురు.
"ఇదేం లెక్క?" అన్నడు మేనేజర్.
ఆరో గడి ముట్టలే.
ఒక ఏడాది ఫీజు నా జీతంలకెల్లి కట్టిన.
అది ధర్మమో, తప్పును ఇంకో ఏడు సాగదీసుడో
ఫాదర్‌ను అడిగే ధైర్యం చాలలే.

నవంబర్ రెండు, మృతుల పండుగ.
సమాధుల తోటంత వెలుగు.
మా నాయిన రాయి మీద ఒకటి ముట్టించిన.
సంచిల ఇంకా నాలుగున్నయి కొవ్వొత్తులు.
కొవ్వొత్తులు గనుక నాలుగు.
చావనోళ్ళకు, పుట్టనోళ్ళకు
ఏ పండుగ రోజు?
గాలికి పక్క సమాధి మీదివి ఆరిపోతుంటే
మా అమ్మ అన్నది, ఇటియ్యవే అవి.

ఇయ్యలే.
ముట్టియ్యలే.